ఆఖరి రోజు దొరికిన పోతుజింక

టెక్సస్‌లో ఆ ఏటి వేటకు ఆఖరి రోజు. ఇంట్లో మాంసం నిండుకుంది. ముళ్ళపొదలో నేను తుపాకీతో కూర్చున్నాను. పక్కన మీ నాయనమ్మ రెండు జింక కొమ్ములు పట్టుకుంది.

"ఆ కొమ్ములు ఒకదానికొకటి గట్టిగా కొట్టవే. ఆడజింక కోసం రెండు పోతులు కుమ్ముకుంటున్నాయనుకుని మూడోది రావాలి."

"వచ్చి?"

"సందు చూసి ఆడదాన్ని తోలుకుపోతుంది."

"నువ్వూ అలాగేగా వచ్చావు, డాన్సు హాల్లో."

"ఆ కుర్రాళ్ళు డెల్బర్టూ రాయిసూ నీకోసం కొట్టుకుంటుంటే చూస్తూ కూర్చోమంటావా?"

"వాళ్ళకు నామీద మనసే లేదు. చెరో కేకు చేసిపెడతాను, కాసేపు కొట్టుకోండర్రా అన్నాను. నువ్వేమో మూల వదిలి రావాయె."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేమే?"

"ష్, అదిగో పోతు. అచ్చం నీలాగే మెడ చాచుకుని వస్తోంది, చూడు."

"నవ్వించకే, గురి తప్పుతుంది."

"నాది తప్పిందా?"