తెర వెనక అంతసేపు

జర్మనీలోని హాంబర్గులో అది 1933 నవంబరులో ఓ ఆదివారం. జనవరిలో గద్దెనెక్కిన పార్టీ వేసవికల్లా మిగతా పార్టీలన్నిటినీ మూయించేసి, ఇప్పుడు ఎన్నికలు పెట్టింది. ఓటేసి వచ్చిన మొగుడికి కాఫీ పోస్తుంటే ఆమెకు నవ్వాగలేదు.

"చీటీలో ఉన్నదే ఒక్క పార్టీ. దానికి తెర వెనక అంతసేపేం చేశావయ్యా?"

"ఎవరికెయ్యాలో తేలక తికమకపడ్డానే!"

"పోయినేడు చీటీ దుప్పటంత ఉండేది. అన్ని పేర్లూ చదివి, అందర్నీ తిట్టేవాడివి."

"తిట్టడానికైనా నలుగురుండొద్దూ? ఇదిగో, ఓటేసినందుకు 'అవును' అని రాసున్న బిళ్ళ కూడా ఇచ్చారు. కోటుకి లేకపోతే వీధిలో ఆపుతున్నారు."

"నీ పెళ్ళి ఉంగరం కంటే బాగా మెరుస్తోంది."

"పెళ్ళిలోనూ పాస్టరుగారికి 'అవును' అనే చెప్పాను. అక్కడైతే కాదనే వీలుండేదిలే."

"అని చూడాల్సింది, మా నాన్న సంగతి తెలిసేది!"

"సరేగానీ, లోపల ఏం గీశానో చెప్పనా?"

ఆమె నవ్వు ఆగిపోయింది. వెళ్ళి కిటికీ మూసి వచ్చింది.

"చెప్పకు."

"ఇరవై ఏళ్ళ కాపురం. తెలుసుకోవాలని లేదూ?"

"చచ్చేంత ఉంది. కానీ రేపెవరైనా వచ్చి అడిగితే, తెలీదని నేను నిజమే చెప్పాలి. అబద్ధమాడితే నా చెవులు ఎర్రబడతాయి కదా. కాఫీ తాగు."