ఇద్దరు సిపాయిలను కలిపిన ఇంకొక్కమాటమ్మ

పందొమ్మిది వందల తొంభయ్యో సంవత్సరం జూన్ నాలుగో తేదీన సైనిక చరిత్ర భాండాగారంలో టేపుల గది సహాయకురాలిగా విధులలో చేరి, సిబ్బంది అందరికీ అక్కయ్య అయిన మా అక్కయ్యగారు, నేడు మౌఖిక చరిత్ర విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్న శుభవేళ ఈ నాలుగు మాటలు రాసే భాగ్యం నాకు దక్కింది.

తొలి సంవత్సరాలలో, కిటికీలు లేని ఆ గదిలో బూజు పట్టిన టేపులను మెత్తని గుడ్డతో తుడవడమే వారి ఉద్యోగం. తుడిచి ఊరుకుంటే ఆమె మా అక్కయ్య ఎందుకవుతారు? ప్రతి టేపునూ విని, ప్రశ్నలు వేసినవాళ్లు తొందరపడి వృద్ధ సైనికుల మాటకు ఎక్కడెక్కడ అడ్డుపడ్డారో గ్రహించారు. అందుకే తాము స్వయంగా ఇంటర్వ్యూలు చేయసాగిన నాటి నుంచి, ముగించబోయే ముందు "ఇంకొక్క మాట, తాతగారూ" అనడం అలవాటు చేసుకున్నారు. ఆ ఒక్క మాట గంటసేపు సాగేది. కెమెరామన్ భోజనం చల్లారేది. మాకు చరిత్ర దక్కేది. "ఇంకొక్కమాటమ్మ" అన్న బిరుదు అలా స్థిరపడింది.

ఒకసారి, సైన్యంలో వంటవాడిగా పనిచేసిన ఒక పెద్దాయన, గాయపడిన వైర్‌లెస్ ఆపరేటరును వీపున మోసి కొండ దించిన వైనం చెప్పారు. "'బండరాయిలా ఉన్నావేంట్రా' అని తిడుతూనే మోశానమ్మా. బతికుండడు లెండి" అని కళ్లు తుడుచుకున్నారు. కొన్ని నెలల తరువాత వేరే పట్టణంలో మరో వృద్ధుడు, "వంటవాడొకడు నన్ను మోసుకొచ్చాడు. బండరాయిలా ఉన్నావని దారి పొడుగునా ఒకటే తిట్లు! నన్ను దించి మళ్లీ పైకెళ్లాడు. ఆ కొండ మీద బాంబులు పడ్డాయి" అని తల దించుకున్నారు. ఆ తిట్టు ఎక్కడ విన్నదీ అక్కయ్యగారికి చప్పున గుర్తొచ్చింది.

ఒకరి కథనం మరొకరికి తెలియజేయరాదన్నది సంస్థ నియమం. ఇద్దరినీ కలుపుదామంటే అప్పటి సంచాలకులు ససేమిరా అన్నారు.

"ఇద్దరికీ ఎనభై దాటాయండీ. మనం ఆలోచించుకునేదాకా ఆగుతారా?" అంటూ అక్కయ్యగారు ఆయన గుమ్మం వదల్లేదు.

"సరే, మీ పూచీ మీద కానివ్వండి" అన్నారు ఆయన చివరకు.

స్టూడియోలోకి వంటవాడు అడుగుపెట్టగానే ఆపరేటరు చేతికర్ర వదిలేసి లేచారు.

"నువ్వింకా పోలేదట్రా!"

"నిన్ను మోసి నడుం విరగ్గొట్టుకున్నాను. నీకంటే ముందు పోతానా?"

కౌగిలించుకుని నవ్వారో, ఏడ్చారో ఎవరికీ తెలియలేదు. కాసేపటికి సంచాలకులు ముక్కు తుడుచుకుంటూ, "బాగా వచ్చిందా?" అని అడిగారు. అక్కయ్యగారు నాలుక కరచుకున్నారు. ఆనాడు కెమెరా బాధ్యత అక్కయ్యగారిదే. మీట నొక్కడం మరచిపోయారు.

"దానికేముందమ్మా, మళ్లీ వస్తాను" అంటూ వంటవాడు బయటికి వెళ్లి, తలుపు తోసుకుని, నాటకంలో రాజులా చేతులు చాచి వచ్చారు. ఆపరేటరు నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడ్డారు. ఆ దృశ్యం నేటికీ భాండాగారంలో పదిలం. డబ్బా మీద అక్కయ్యగారు స్వహస్తాలతో రాశారు: "ఇది రెండోసారి కలిసినప్పటిది. మొదటిసారి నేను తీయలేదు."

అటుపై విభాగాధిపతిగా, శిథిలమవుతున్న ఫిల్ములన్నిటినీ కంప్యూటరులోకి ఎక్కించారు. గతించిన తండ్రి గొంతు వినడానికి వచ్చే కుటుంబాల కోసం ఒక ప్రశాంతమైన గదిని పట్టుబట్టి సాధించారు.

వచ్చే వారం నుంచి అక్కయ్యగారు ఈత నేర్చుకుంటారని వారి అమ్మాయి చెప్పింది. "ఒడ్డున తువ్వాలు పట్టుకుని నిలబడే ఉద్యోగం నాకిచ్చింది" అని బావగారు వాపోతున్నారు. అక్కయ్యగారు ఆ నీళ్లలో చిన్నపిల్లలా కేరింతలు కొట్టాలనీ, ఒంట్లో సత్తువా ఇంట్లో నవ్వులూ తరగకుండా నిండు నూరేళ్లూ చల్లగా ఉండాలనీ, బావగారి తువ్వాలు ఏనాడూ ఆరకూడదనీ మా అందరి ఆకాంక్ష.