రూటర్ మార్చలేదు

గిద్దలూరులో ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పే హెప్సిబా ఇంటికి, నెట్ బాగుచేసే అఫ్రోజ్ కొత్త రూటర్ తీసుకుని వచ్చాడు.

"కంప్యూటర్లో కొత్త ఆపరేటింగ్ సిస్టం ఎక్కించినాక నెట్ స్లో అయిందన్నావు గదమ్మా. రూటర్ మార్చేస్తా."

"వద్దన్నా, బాగైపోయింది. చెప్దామని ఫోన్ చేసినా, నువ్వు ఎత్తలా."

"బండి మీదుండా. ఎట్ల బాగైంది?"

"అదే వైఫైతో ఫోన్లో స్పీడు యాభై వచ్చింది. కంప్యూటర్లో రెండు కూడా రాలా. రూటర్ పక్కనే పెట్టినా అంతే. అయితే తప్పు కంప్యూటర్దే అనుకున్నా."

"దాంట్లో ఏం తప్పుంది?"

"వైఫైని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ పాతదే ఉండిపోయింది. కొత్తది ఫోన్లోకి దించి, కేబుల్‌తో దీంట్లోకి ఎక్కించినా. ఇదో చూడు."

"నలభై ఎనిమిది! ఎవరు నేర్పినారమ్మా?"

"ఎవరూ నేర్పలేదన్నా. రేపు పిల్లోళ్లకు పరీక్ష. పదకొండింటికి క్లాసు పెట్టుకొని ఊరికే కూర్చోలేక ఒక్కొక్కటే చూసుకుంటా పోయినా."

"పదేళ్లుగా ఇదే పని చేస్తాండా. నాకు తట్టలేదు."

అఫ్రోజ్ రూటర్‌ను సంచిలో పెట్టుకున్నాడు గానీ కదల్లేదు.

"కంభంలో ఒక పెద్దాయన ఇదే చెప్తే, నిన్న రూటర్ మార్చి వచ్చినా. అయినా స్లోనే అని పొద్దున ఫోన్ చేసినాడు. కంప్యూటరే కొత్తది కొనుక్కో అని చెప్పేసినా."

"అయ్యో! కొననీయొద్దన్నా."

"ఇప్పుడే ఆయన దగ్గరికి పోతా. నువ్వు చేసింది వరసగా చెప్తావా, రాసుకుంటా?"

"కూర్చో అన్నా. క్లాసుకు ఇంకా పది నిమిషాలుంది."

అఫ్రోజ్ కుర్చీ దగ్గరికి లాక్కుని, జేబులోంచి పెన్ను తీశాడు.

"చెప్పండి టీచర్."