ఖాళీ కంప్యూటర్‌లో పెరిగిన లెక్క

మిర్యాలగూడ రైసుమిల్లు ఎదుటి టీ కొట్టు దగ్గర జీవన్ నోరు తెరిచాడంటే, వినేవాళ్ల చేతిలో చాయ్ చల్లారాల్సిందే. కంప్యూటర్లు బాగుచేసే ఈ జీవన్‌ను, నల్ల గింజలు ఏరే మిషన్‌ను నడిపే కంప్యూటర్ నెమ్మదించిందని మిల్లు యజమాని సత్యనారాయణ పిలిపించాడు. ఆ మిషన్ గది ఊడ్చే సైదమ్మ కూడా బల్ల చివర కూర్చుని వింటోంది. గదిలో ఏదో ఉందని జీవన్ పొద్దుటి నుంచీ అంటున్నాడు. అదే నిజమైతే గదికి తాళం వేయిస్తానని సత్యనారాయణ అన్నాడు. తాళం పడితే ఆమె పని పోయినట్టే.

"జర ఇనుండ్రి," అన్నాడు జీవన్. "ప్రాసెసర్ లోపలనే మీటర్లుంటయి, ఇంటి కరెంటు మీటర్ తీరుగ. ప్రోగ్రాం ఎన్ని పనులు చేసింది, ఏడ ఆగింది, ఎన్నిసార్లు దారి తప్పింది, అన్నీ అవే లెక్కవెడ్తయి. ఆ మీటర్లు సదివే ప్రోగ్రాం ఎక్కించి, గింజలేరే ప్రోగ్రాం బంద్ వెట్టిన. ఇగ అన్నీ బంద్. తెర మీద సున్నా రావాలె గదా? తర్వాత ఏమైందో ఎరికేనా?"

సత్యనారాయణ గ్లాసు కింద పెట్టాడు.

"లెక్క పెరుగుతున్నది. మెల్లగ, ఎవలో ఊపిరి తీస్కుంటున్నట్టు."

అక్కడితో ఆగితే అతను జీవన్ ఎందుకవుతాడు? వందల్లో ఉన్న లెక్క లక్షల్లోకి పోయిందట. ప్లగ్గు పీకేసినా ఆగలేదట. వణుక్కుంటూ హుజూర్‌నగర్‌లోని తన షాపుకు పోతే అక్కడి ఏడు కంప్యూటర్లలోనూ అదే అంకె. వాడపల్లికి ఫోన్ చేసి అడిగితే అక్కడా అదే అంకె, అదే క్షణాన పెరుగుతోందట. కూర్చుని లెక్కేస్తే, ఈ ఊరు పుట్టినప్పటి నుంచి చనిపోయినవాళ్లు ఎంతమందో సరిగ్గా అంత. కాకపోతే ఒకటి ఎక్కువ.

"ఆ ఒక్కటి ఎవలదన్నా?" లారీ డ్రైవర్ ధన్‌సింగ్ గొంతు తగ్గించి అడిగాడు.

"ఇప్పుడు ఆ గదిలకు మొదలు పొయ్యేటోల్లది."

అందరూ సైదమ్మ వైపు తిరిగారు. సత్యనారాయణ జేబులో తాళాల గుత్తి తడుముకుంటుంటే చూసి, ఆమెకు భయం కంటే కోపమే ఎక్కువ వచ్చింది.

"బిడ్డా, అన్నీ బంద్ వెట్టిన అంటివి," అంది. "లెక్క సదివే నీ ప్రోగ్రాం బంద్ వెట్టినవా?"

"అది బంద్ వెడితే లెక్కెట్ల కనవడ్తది?"

"అంటే అది పని చేస్తనే ఉన్నది, దాని పనే లెక్కల పడుతున్నది. గది ఊడుస్తుంటే సుత తౌడు దుమ్ము పడుతనే ఉంటది. వాకిట్లకొచ్చి ఎనక్కి సూస్తే దాని మీద అడుగులుంటయి. మొదటి దినం నేను సుత జడుసుకున్న. అవి నావే బిడ్డా."

మరి ప్లగ్గు పీకాక సంగతేమిటని ధన్‌సింగ్ అడిగితే, అది ల్యాప్‌టాప్ అనీ, బ్యాటరీ ఉందనీ జీవన్ గొణిగాడు. సత్యనారాయణ జేబులోంచి చెయ్యి తీసేశాడు.

"ఇగ నడువు, నాకు ఊడ్సే పనున్నది," సైదమ్మ లేచింది. "ముందు నువ్వే పో."

జీవన్ బల్ల మీద నుంచి లేవలేదు. తను చెప్పిన కథకు తనే జడుసుకున్నాడు. చీపురందుకుని సైదమ్మే లోపలికి పోయింది.