బురదలోంచి తీసిన ఆల్చిప్పల సాక్ష్యం

1984 అక్టోబరు ఒకటవ తేదీన ఫ్రాన్స్ పడమటి అంచున, షరాంత్ తీరంలోని మన సముద్ర పరిశోధన కేంద్రంలో సహాయ పరిశోధకురాలిగా చేరిన శ్రీమతి ఓడిల్ గబోరియో గారు, నాలుగు దశాబ్దాల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ శుక్రవారం పదవీ విరమణ చేస్తున్నారు.

తొలినాళ్లలోనే వారి దృష్టి మెటలోథయోనిన్ అనే ప్రొటీన్ మీద నిలిచింది. కాడ్మియం వంటి భారలోహం ఒంట్లో చేరితే, ఆల్చిప్ప ఈ ప్రొటీన్‌ను పుట్టించుకుని ఆ విషాన్ని బంధిస్తుంది. ఆటుపోట్లు కడిగేసిన కాలుష్యపు జాడను సైతం అది వారాల తరబడి పట్టి చూపుతుంది.

1991లో, మన తీరంలో కలిసే ఏటికి ఎగువనున్న జింకు కర్మాగారం నుంచి నీటిలోకి లోహాలు దిగుతున్నాయన్న అనుమానం బలపడింది. నీటి పరీక్షల్లో ఏమీ తేలలేదు. ఆల్చిప్పల్లోనూ ప్రొటీన్ తక్కువే కనిపించింది. ఇక విచారణ ముగిసిపోతుందనగా, మనసొప్పని ఓడిల్ గారు, నమూనాలు పంపే పెంపకందారు ఫ్లోరిమోన్ రెనుల్ గారి రేవుకు స్వయంగా వెళ్లి, చిప్పలు ఇంత శుభ్రంగా ఎలా ఉంటున్నాయని అడిగారు.

"అదేం మాట అమ్మాయిగారూ, చదువుకున్నవాళ్లకి బురద కంపుతో పంపుతామా? రెండు నెలలు తేటనీటి మడుగులో ఉంచి గానీ మేం ఎవరికీ పెట్టం."

తేటనీటిలో అన్నాళ్లుంటే ఆ ప్రొటీన్ తగ్గిపోతుంది గనుక, రెనుల్ గారి మర్యాదే లెక్క తప్పించిందని గ్రహించిన ఓడిల్ గారు పడవ అంచున కూలబడి నవ్వేశారట. ఆటు వేళ బురదలోంచి అప్పటికప్పుడు తీసినవే కావాలన్నారు. రెనుల్ గారి ముఖంలో మాత్రం నవ్వు పోయింది.

"అవి ఇస్తే ముందు మూతపడేది నా ఆల్చిప్పల మడులే. ఆ సంగతి నాకు తెలీదనుకున్నారా?"

"మూతపడతాయి పెద్దాయనా. ఇవ్వకపోతే మూయడానికి కూడా ఏమీ మిగలదు."

ఆయన గంప అందుకుని, "ఆ చెప్పులతో బురదలో దిగితే మిమ్మల్ని తవ్వి తీయాలి. మా ఆవిడ బూట్లు తొడుక్కుని రండి" అన్నారు.

ఆ ఆల్చిప్పల కణజాలాన్ని నూరి వేడిచేసినప్పుడు, తక్కిన ప్రొటీన్లన్నీ కోడిగుడ్డు తెల్లసొనలా గడ్డకట్టగా, కరిగి నిలిచిన ఆ ఒక్క ప్రొటీన్ మునుపటికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా తేలింది. తోటివారిని పిలుస్తూ ఓడిల్ గారు నడవాలో తీసిన పరుగు క్యాంటీన్ దాకా వినిపించిందని పెద్దలు నేటికీ ఉత్సాహంగా చెప్పుకుంటారు.

మడులు మూతపడ్డాయి. రెనుల్ గారు కొన్నేళ్లు పరాయి పడవల్లో పని చేశారు. కర్మాగారం లోహం కరిగించగా మిగిలిన చిట్టెపు గుట్టల నుంచి ఏటికి పారే ఊటలకు అడ్డుకట్ట వేయక తప్పలేదు. విభాగాధిపతిగా పదోన్నతి పొందిన ఏడాదే, ఆ మడులు తిరిగి తెరవవచ్చునన్న నివేదికపై సంతకం చేసే భాగ్యం ఓడిల్ గారికే దక్కింది. నేడు వాటిని రెనుల్ గారి మనవరాలు సాగుచేస్తోంది.

ఇకమీదట ఓడిల్ గారు ఏ ఆల్చిప్పనూ నూరకుండా, తూచకుండా, నిమ్మరసం పిండుకుని, మన తీరపు అలవాటుగా వేడి మాంసపు సాసేజీ నంజుకుంటూ హాయిగా ఆరగిస్తూ, సంపూర్ణారోగ్యంతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనమంతా మనసారా కోరుకుందాం.