కోడలు కూసున్నదన్న మాట

“అమ్మమ్మా, సుజాతత్త ఓట్లకు నిలవడ్డప్పుడు నువ్వేదో వాయిస్ మెసేజ్ పెట్టినవంట గదా? అమ్మ నవ్వుతది గని చెప్తలేదు.”

మీ అమ్మకేంది, నవ్వుతది. గప్పుడు నా పానం వోయినంత పనైంది బిడ్డా. మంచిగనే ఒడ్డెక్కినం గనుక ఇప్పుడు నాకు గూడ నవ్వొస్తది.

మీ అత్త మన వార్డుల కౌన్సిలర్‌కు నిలవడ్డది గదా. మా కాలంలనైతే జీపుకు మైకు కట్టుకొని మెదక్ అంత తిరుగుతుండిరి. రంగు కాయితాలు ఇసిరేస్తుంటే మేం ఎనక ఉరికి ఏరుకుంటుంటిమి. మా అన్న, అదే మీ పెద్దతాత, చాయ్ పావలా ఉన్న దినాలు, ఎవలు చాయ్ తాపిస్తే వాళ్ల జెండా వట్టెటోడు. ఏం చెప్తున్న నేను? ఆ, ఇప్పుడంత ఫోన్లనే. మీ మామ వార్డోళ్లందరిని ఒక్క గ్రూపుల ఏసి, దానికి మీ అత్త ఫోటో పెట్టిండు.

నాకు సదువు రాదాయె, ఫోటో చూసి ఒత్తుత. ఎల్దుర్తిల మా చెల్లె లేదా, ఆమె గూడ ముచ్చటపడి తన ఫోటో తీసేసి మీ అత్త ఫోటోనే పెట్టుకున్నది. రెండూ ఒక్క తీర్గనే ఉండె.

బుధారం, కాదు కాదు, గురువారం, ఇంటింటికి తిరుగుతుంటే మీ అత్త కాలు బెణికి ఇంత లావు వాసింది. దవాఖానల కదలొద్దన్నరు. చెల్లెకు చెప్దామని ఫోను వట్టి, “మా సుజాత కూసున్నదే, ఇగ తిరుగుడు లేదు” అన్న. కాలు సంగతి చెప్పే లోపట ఏలు జారి మెసేజ్ వోయింది. చెల్లెకు గాదు, వార్డు గ్రూపుకు.

ఓట్లల్ల కూసున్నదంటే పోటీల కెల్లి తప్పుకున్నదన్నట్టే గదా. ఎదుటోళ్లకు ఇంకేం గావాలె? సొంత అత్తనే చెప్తున్నది ఇనుండ్రని నా గొంతును ఊరంత తిప్పిండ్రు. పాలు పోసే ఆమె వచ్చి మెల్లగ అడిగింది, “ఎంతకు కూసున్నరమ్మా” అని. మీ మామ నా మీద ఇంతెత్తు లేసిండు.

లేస్తే లేసిండు, నా భయం గది గాదు. నిలవడొద్దని మొదట్ల లొల్లి పెట్టింది నేనే. ఇంటి కోడలు గల్లీలు తిరుగుడేందని నాలుగు దినాలు మాట్లాడలే. కావాల్ననే చేసిందని సుజాత అనుకుంటదేమోనని నా భయం.

మీ అత్తేమో నన్ను పిలిచి, “పక్కకు రా అత్తమ్మా, నువ్వే చెప్పు” అని వీడియో పెట్టింది. నేను ఆ వాసిన కాలు జూపిచ్చి, “ఇగో, గిందుకు కూసున్నది. ఓట్లకైతే నిలవడే ఉన్నది” అన్న. గది గూడ ఊరంత తిరిగింది, జనం నవ్వుకుంట పంపుకున్నరు. మీ అత్త గెలిచింది.

అయినా నా మనసుల ముల్లు పోలే. ఒకనాడు బియ్యం ఏరుకుంట అడిగిన, జరంత గూడ అనుమానం రాలేదా సుజాతా అని. తల గూడ ఎత్తలే. “అసుంటి పని చేసేదానివైతే మొకం మీదనే వద్దని ఎందుకంటవత్తమ్మా” అన్నది. గంతే. ఆ దినం కడుపు నిండ తిన్న.

నీకు గూడ సంబంధాలు చూస్తుండ్రు గదా. ఏదున్నా మొకం మీద అనే అత్త దొరకాలె బిడ్డా నీకు. సల్లగుండు.