రెండూ ఎడమ చేతులే

ఏమన్నావే ఇప్పుడు? ఏదీ, మళ్ళీ అను. దరిద్రపుగొట్టు మొహమా? ఎవరిదీ, నీదేనా? చొక్కాకి రెండు చేతులూ ఎడమవే కోసినందుకు ఇంత మాటా? ఆ కత్తెర అవతల పెట్టి ఇలా కూర్చో. ఈ ఘనకార్యం మనింట్లో మొదలుపెట్టింది నేనే తల్లీ. అదీ మామూలు చొక్కా కాదు, పెళ్ళికొడుకు కోటు. కాగితం నమూనా తిరగెయ్యాలి కదా, ఒక చెయ్యి కోశాక? నేనేమో మహా పనిమంతురాలిలా అలాగే పెట్టి పరపరా కోసేశాను. తీరా చూస్తే రెండూ ఒకవైపువే! నెత్తి టపటపా బాదుకున్నాను. "మొద్దుని, మొద్దు మొహాన్ని" అని నన్ను నేనే తిట్టుకున్నాను. మధ్యాహ్నం తిండి కూడా మానేశాను, శిక్షన్నమాట. నా తెలివి ఏంటంటే, మీ తాత తిట్టేలోపు నేనే తిట్టేసుకుంటే ఆయనకి తిట్లు మిగలవని. తెలివి తెల్లారినట్టే ఉంది! ఆయన వచ్చి చూసి, "అవును, మొద్దువే" అన్నారు. అంతే, ఆ రోజు నుంచి అదే నా పేరు. "మొద్దూ, దారం ఏదీ? మొద్దూ, టీ ఏదీ?" మీ నాన్న, ఐదేళ్ళ వెధవ, షాపుకొచ్చిన వాళ్ళతో "మా అమ్మ మొద్దు" అని చెప్పేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు. అందరికంటే గట్టిగా నేను నవ్వేదాన్ని, చూడు మరి నా ప్రతిభ.

మా తోటికోడలు ఉండేది, మీ తాతకి వదిన, నువ్వు పుట్టకముందే పోయింది. అక్కా అనేదాన్ని. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే షాపు కదా, ముందు గదిలో మిషన్లు, వెనక మా కాపురాలు. ఆ ఏడాదే అక్క కూడా సరిగ్గా ఇలాగే కోసింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను, ఇప్పుడు తమాషా చూద్దామని. అబ్బే! ఆ రెండు ముక్కలూ చూసి ఫక్కున నవ్వి, తనతో తనే, "పోనీలేవే తల్లీ, పొద్దుట్నించీ నిలబడే ఉన్నావు, అలిసిపోయావు" అంది. కూర్చుని తీరిగ్గా టీ తాగింది. తర్వాత బావగారితో, "ఒక చెయ్యి తప్పు కోశానండీ, ఇంకాస్త గుడ్డ కావాలి" అంది. ఆయన గొణుక్కుంటూ వెళ్ళి తెచ్చాడు. అంతే! నాకు ఒళ్ళు మండిపోయింది. "నీకేం అక్కా, బావగారు మంచాయన, నీ అదృష్టం" అన్నాను మూతి తిప్పుతూ. "మంచాయనా? కాపురానికొచ్చిన కొత్తలో గజంబద్ద విసిరేవాడే! నన్ను నేనే ఒక్క మాట అనుకోను, మీరూ అనొద్దు అన్నాను. వినడానికి రెండేళ్ళు పట్టింది" అంది. తర్వాత మెల్లిగా, "మీ ఆయన నోరు ఆయన తప్పే, నీది కాదు. కానీ ఆ మాట ఇంట్లోకి తెచ్చిందెవరే?" అంది. నాకెంత కోపమొచ్చిందో! నెల రోజులు మాట్లాడలేదు. కాజాల సూది కావాలన్నా పిల్లల చేత అడిగించేదాన్ని.

ఆ మాట బుర్రకెక్కడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది. ఒకరోజు తెల్లటి గుడ్డ మీద మిషన్ నూనె ఒలికించాను. చెయ్యి నెత్తి దాకా వెళ్ళింది, మరెందుకో ఆగింది. "పోనీలేవే తల్లీ" అన్నాను. ఎంత సిగ్గేసిందనుకున్నావ్! పరాయి మనిషిని ముద్దు చేసినట్టుంది. ఎవరైనా విన్నారేమో అని చుట్టూ చూశాను. విననే విన్నారు మీ తాత. "ఎవరితోనే మొద్దూ మాటలు?" అన్నారు. "ఆ పేరుగలవాళ్ళు ఇక్కడెవరూ లేరండీ" అన్నాను. చేతిలో నూనె గుడ్డ, గొంతు మాత్రం కలెక్టరుది. పాపం ఆయనకి ఏమని పిలవాలో తెలీలేదు. ఇన్నేళ్ళలో నా పేరు మర్చిపోయినట్టున్నారు, సాయంత్రం దాకా దారం, టీ ఆయనే చూసుకున్నారు. నేను పరుగున వెనక గదిలోకి వెళ్ళాను, అక్కతో చెబుదామని. సగం దూరం వెళ్ళాక గుర్తొచ్చింది, అక్క పోయి అప్పటికి రెండేళ్ళు.

సరేగానీ, మీ ఆయన ముందు కూడా ఇలాగే తిట్టుకుంటున్నావా? ఏమే, నిన్నే... ఆ ముక్కలు దాస్తావేం? ఆయన కూడా మొదలుపెట్టాడా?

ఆ ముక్కలు ఇలా తే. ముందు టీ తాగు.